లింకు ఎవరిచ్చారు?



సొంతంగా వెబ్‌సైటు పెట్టుకున్న చిన్న వ్యాపారులెవరిని కదిపినా ఒక మెయిల్ గురించి చెబుతారు. చీరల దుకాణమైనా, పచ్చళ్ల వ్యాపారమైనా, పళ్ల డాక్టరుగారి క్లినిక్ అయినా ఆ మెయిల్ రాక తప్పదు. "నెలకు ఇంత కట్టండి, మీ సైటుకు 500 బ్యాక్‌లింకులు చేసి పెడతాం, గూగుల్‌లో మొదటి పేజీలోకి తెస్తాం" అన్నది దాని సారాంశం. బ్యాక్‌లింకు అంటే మరేం కాదు, వేరేవాళ్ల వెబ్‌సైటులో ఉండి, నొక్కగానే మన వెబ్‌సైటుకు తీసుకొచ్చే లింకు. మంచి లింకులుంటే గూగుల్‌లో పైకి వస్తామన్న మాటలో నిజం ఉంది. ఆ నిజం ఉండబట్టే ఇలాంటి బేరాలకు కష్టపడి సంపాదించిన డబ్బు పోతోంది. ఏ లింకు పనికొస్తుంది, ఏది డబ్బు దండగ, ఏది ముప్పు తెస్తుంది అన్నది ఇవాళ కాస్త వివరంగా చెబుతాను.

గూగుల్‌కు లింకులంటే ఎందుకంత పట్టింపో ముందు తెలియాలి. 1990ల నడుమ ఇంటర్నెట్‌లో వెతకడమంటే చాలావరకు మాటలు లెక్కపెట్టడమే. పేజీలో 'కెమెరా' అన్న మాట ఎక్కువసార్లు ఉంటే అది కెమెరాల గురించి మంచి పేజీ అని యంత్రం అనుకునేది. కొందరు సైటు యజమానులు ఈ సంగతి కనిపెట్టి, తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో అదే మాటను వందలసార్లు రాసిపెట్టేవారు. చదివేవాళ్లకు కనబడదు, యంత్రానికి కనబడుతుంది. 1996 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వేరే దారి పట్టారు. ఒక శాస్త్రవేత్త రాసిన వ్యాసాన్ని తర్వాతివాళ్లు ఎంతమంది తమ వ్యాసాల్లో పేర్కొన్నారన్నదాన్ని బట్టి దాని ప్రభావాన్ని అంచనా వేసే పద్ధతి అప్పటికే ఉంది. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అందుకు ఆధారం. పేజ్, బ్రిన్ అదే ఆలోచనను వెబ్ పేజీలకు పట్టించారు.

అయితే లింకులను ఊరికే లెక్కపెట్టి వదిలేయలేదు వాళ్లు. మన ఇళ్లలో పెళ్లి సంబంధం వచ్చినప్పుడు ఏం చేస్తాం? పిల్లవాడు బుద్ధిమంతుడని వాళ్ల నాన్న చెబితే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ ఊళ్లో నలుగురినీ విచారిస్తాం. ఆ నలుగురిలోనూ అతనికి చదువు చెప్పిన మాస్టారి మాటకున్న విలువ, ఆ ఇంట్లో అప్పు తీసుకున్నవాడి మాటకు ఉండదు. ఎంతమంది చెప్పారన్నదాని కంటే ఎవరు చెప్పారన్నది ముఖ్యం. పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టిన ఆ లెక్కలో కూడా, తనకే ఎవరూ లింకు ఇవ్వని సైటు మరొకరికి ఇచ్చే లింకుకు పెద్ద బరువు ఉండదు. అందరూ నమ్మే సైటు ఇచ్చిన ఒక్క లింకుకు చాలా బరువు ఉంటుంది.

1998లో ప్రచురించిన వ్యాసంలో వాళ్లు దీన్ని ఒక ఊహతో వివరించారు. ఒక మనిషి కనబడిన లింకునల్లా నొక్కుకుంటూ పేజీ నుంచి పేజీకి పోతున్నాడు. మధ్యలో విసుగొస్తే ఆ వరస వదిలేసి, ఏ సంబంధం లేని మరో పేజీ తెరుస్తాడు. నూటికి 85 వంతులు లింకు వెంట పోతాడని, 15 వంతులు కొత్తచోట మొదలుపెడతాడని లెక్క వేసుకున్నారు. ఇలా తిరుగుతూనే ఉంటే అతను ఏ పేజీకి ఎక్కువగా చేరుతుంటాడో ఆ పేజీకి అంత విలువ. ఈ ఊహ మధ్యలో ఉన్నది లింకు నొక్కే మనిషి అన్న సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత 2010లో గూగుల్‌కు వచ్చిన ఒక పేటెంటులో ఇంకో మెట్టు ఉంది. మనుషులు నొక్కే అవకాశం ఎక్కువున్న లింకుకు ఎక్కువ బరువు, పేజీ అట్టడుగున ఎవరూ చూడనిచోట ఉన్న లింకుకు తక్కువ బరువు ఇవ్వవచ్చని. ఎవరూ నొక్కని లింకులను వందల్లో కొనడం మొదటినుంచీ ఈ పద్ధతి స్వభావానికే విరుద్ధం.

అయినా కొన్నారు. చిన్నవాళ్లే కాదు, చాలా పెద్దవాళ్లకూ ఆ మరక అంటింది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక జేసీ పెన్నీ అనే అమెరికన్ దుకాణాల సంస్థ గురించి రాసిన కథనం ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు. దుస్తులు, దుప్పట్లు, తివాచీలు, ఏది వెతికినా నెలల తరబడి గూగుల్‌లో ఆ సంస్థే మొదట వస్తోంది. సామ్సనైట్ పెట్టె కోసం వెతికితే, ఆ పెట్టెలు తయారుచేసే సామ్సనైట్ కంపెనీ కంటే కూడా పైన జేసీ పెన్నీ కనబడింది. పత్రిక ఒక నిపుణుడి చేత తవ్వించింది. జేసీ పెన్నీకి కావలసిన మాటలతోనే ఆ సంస్థకు లింకులిస్తున్న పేజీలు 2,015 బయటపడ్డాయి. అణు ఇంజినీరింగు పేరు పెట్టుకున్న సైటులో నల్ల గౌన్లకు లింకు. బల్గేరియాలో స్థలాలు, ఇళ్ల గురించిన సైటులో పార్టీ గౌన్లకు లింకు. జూదశాలల సైటులో సాయంత్రం వేసుకునే దుస్తులకు లింకు. ఆ పేజీలకు గౌను కొనాలనుకునే మనిషి ఎవరూ రారు. ఆ లింకులు ఉన్నది గూగుల్ కోసం మాత్రమే.

పత్రిక ఆ ఆధారాలను గూగుల్ ముందు పెట్టింది. బుధవారం సాయంత్రం 7 గంటలకు సామ్సనైట్ పెట్టెల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న జేసీ పెన్నీ, 9 గంటలకు 71వ స్థానానికి పడిపోయింది. డ్రాయింగు రూము సామాను విషయంలో 1 నుంచి 68కి. ఆ లింకులు తమ అనుమతితో పెట్టినవి కావని సంస్థ ప్రకటించింది, తమ సైటు పని చూసే ఏజెన్సీని తొలగించింది. నా దృష్టిలో ఈ కథలో మనవంటివాళ్లు గమనించవలసింది ఇదే. పని చేసింది ఎవరైనా, ఎవరికి తెలిసినా తెలియకపోయినా, పడిపోయింది సైటు. ఏజెన్సీకి ఇంకో కస్టమరు దొరుకుతాడు, దుకాణానికి ఇంకో పేరు దొరకదు.

అదే నెలలో ఓవర్‌స్టాక్ అనే ఆన్‌లైన్ దుకాణం కూడా దొరికిపోయింది. కళాశాలల సైట్లలో తమకు లింకు పెడితే అక్కడి విద్యార్థులకు, అధ్యాపకులకు ధరలో తగ్గింపు ఇస్తామంది. రూపాయి చేతులు మారలేదు గానీ, లింకుకు ప్రతిఫలం ముట్టింది కదా, అదీ కొనడమే. 2013లో బ్రిటన్‌లోని ఇంటర్‌ఫ్లోరా అనే పూల సంస్థ గూగుల్‌లో తన పేరు పెట్టి వెతికినా కనబడకుండా పోయింది. ప్రాంతీయ పత్రికల సైట్లలో లింకులతో కూడిన ప్రకటన వ్యాసాలు వేయించుకున్నదీ, బ్లాగర్లకు పూలగుత్తులు పంపి లింకులు రాబట్టిందీ ఆ సంస్థ మీద వచ్చిన ఆరోపణలు. అక్కడి మాతృ దినోత్సవానికి కాస్త ముందు, 11 రోజులకు తిరిగి కనబడింది. ప్రకటనల్లో పాలుపంచుకున్న పత్రికల సైట్ల విలువ కూడా తగ్గింది. అంటే అమ్మినవాళ్లకూ దెబ్బే. ఇక్కడ తెలుగులో వార్తా సైట్లు, బ్లాగులు నడిపేవాళ్లకు నా మనవి. "మీ సైటులో మా వ్యాసం వేయండి, లింకుకు ఇంత ఇస్తాం" అని మీకూ మెయిళ్లు వస్తుంటాయి. వాటిలో చాలావరకు జూదానికో, అప్పుల యాప్‌కో లింకులుంటాయి. మంచి పేరున్న సైటు నీడలో బయటివాళ్ల పేజీలు పెట్టి ర్యాంకు కొట్టేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ నిబంధనల్లో విడిగా పేరు పెట్టి మరీ చేర్చింది.

అలాగని ప్రకటన ఇవ్వడం తప్పు కాదు. డబ్బిచ్చి లింకు పెట్టించుకోవచ్చు, కానీ అది డబ్బిచ్చి పెట్టించినదని గూగుల్‌కు తెలిసేలా గుర్తు ఉండాలి. ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే నోఫాలో అనే గుర్తును 2005లో తెచ్చారు. 2019లో స్పాన్సర్డ్ అనే గుర్తు ప్రత్యేకంగా ప్రకటనల కోసమే వచ్చింది. పేజీ తయారుచేసేవాళ్లు లింకు పక్కన ఆ ఒక్క మాట చేరిస్తే చాలు. ఆ ప్రకటన చూసి మనుషులు వస్తారు, కొంటారు. ర్యాంకు మాత్రం దానివల్ల పెరుగుతుందని అనుకోకూడదు.

2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. అంతకు ముందు ఎక్కువగా పత్రికలు పట్టిస్తేనో, ఎవరైనా ఫిర్యాదు చేస్తేనో పట్టుబడేవాళ్లు. పెంగ్విన్‌తో యంత్రమే వాసన పట్టడం మొదలుపెట్టింది. నిజాయితీగా నడుస్తున్నా, తెలియక ఏజెన్సీకి పని అప్పగించిన చిన్న వ్యాపారాలు ఎన్నో ఆ రోజుల్లో కూలిపోయాయి. తిరిగి కోలుకోవాలంటే గూగుల్ మళ్లీ ఆ లెక్క వేసేదాకా నెలల తరబడి కాచుకోవాలి. 2016 సెప్టెంబరు నుంచి పద్ధతి మారింది. చెడ్డ లింకు కనబడితే సైటును కిందికి తోసేయడం కంటే, ఆ లింకును లేనట్టుగా పక్కన పెట్టడమే ఎక్కువ. ఇప్పుడు స్పామ్‌బ్రెయిన్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ ఈ పని చూస్తోంది. అంటే ఈరోజు మీరు కొన్న 500 లింకులకు ఎక్కువగా జరిగేది శిక్ష కాదు, శూన్యం. డబ్బు పోతుంది, ర్యాంకు ఉన్నచోటే ఉంటుంది. శిక్ష లేకపోలేదు. గూగుల్ ఉద్యోగులు స్వయంగా చూసి వేసే మాన్యువల్ యాక్షన్ ఇప్పటికీ ఉంది.

లింకులు అమ్మేవాళ్లు ఇంకో అంకె చూపిస్తారు. డీఏ 50 ఉన్న సైట్లో లింకు ఇప్పిస్తాం అంటారు. డీఏ అంటే డొమైన్ అథారిటీ. మోజ్ అనే ప్రైవేటు సంస్థ తన అంచనాతో ఇచ్చే మార్కు అది. అహ్రెఫ్స్ అనే సంస్థ ఇలాంటిదే డొమైన్ రేటింగ్ అని ఇస్తుంది. ఇవి వృత్తివాళ్లకు పనికొచ్చే కొలతలే. కానీ గూగుల్ వీటిని వాడదు. గడువు తీరిన పాత డొమైన్లను వేలంలో కొని, ఎప్పుడో ఒక బడికో స్వచ్ఛంద సంస్థకో చెందిన చిరునామాలో చెత్త వ్యాసాలు నింపి, ఆ పాత మార్కు చూపించి లింకులమ్మే వ్యాపారం ఒకటుంది. దాన్ని కూడా 2024 మార్చి నిబంధనల్లోనే నిషేధించారు.

సరే, మరి ఏం చేయాలి? నేను పెట్టుకునే పరీక్ష ఒక్కటే. రేపు గూగుల్ మూతపడినా ఈ లింకు మనకు కావాలా? దీని మీద నొక్కి మనదగ్గరికి రావడానికి ఎవరైనా ఉన్నారా? ఉంటే అది మంచి లింకు.

ఒక నిజమైన సరుకు తీసుకుని చూద్దాం. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు వెళ్లిన నేత. 2020లో దీనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీని నూలును ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెడతారు. అందుకే బట్టకు ఆ మెత్తదనం, ఆ నూనె వాసన, ఆ పేరు. ఈ బట్ట అమ్మే ఒక నేత కుటుంబం సైటు పెట్టిందనుకోండి. అందులో బట్ట బొమ్మ, ధర, వాట్సాప్ నంబరు మాత్రమే ఉంటే దానికి లింకు ఎవరిస్తారు? ఎందుకిస్తారు? అదే కుటుంబం, నూలు నానబెట్టడం దగ్గర నుంచి ముడులు కట్టడం, రంగు అద్దడం, మగ్గం ఎక్కించడం దాకా తమ చేతులతో చేసే పనిని ఫొటోలతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక పేజీలో పెడితే? ఎరుపు ఎలా వస్తుంది, నలుపు ఎలా వస్తుంది, యంత్రం మీద అచ్చేసిన నకిలీని ఎలా గుర్తుపట్టాలి, ఉతకడం ఎలా, ఇవన్నీ చెబితే? ఫ్యాషన్ కళాశాల విద్యార్థి ప్రాజెక్టు రాసేటప్పుడు ఆ పేజీ కావాలి. చేనేత మీద రాసే విలేఖరికి కావాలి. మ్యూజియంలో పాత రుమాలు పక్కన వివరం రాసేవాళ్లకు కావాలి. పుట్టపాక చూసొచ్చి యాత్రాకథనం రాసే మనిషికీ కావాలి. వాళ్లంతా తమ పాఠకుల కోసం ఆ పేజీకి లింకు ఇస్తారు. అలాంటి పేజీని ఏ ఏజెన్సీ రాయలేదు, ఎందుకంటే ఆ విద్య నేసేవాళ్ల ఇళ్లలో తప్ప బయట దొరకదు. చాలామంది తమ దగ్గరున్నది ఎంత విలువైన సమాచారమో తెలియక, దాన్ని లోపలే పెట్టుకుని లింకులు కొనడానికి బయలుదేరుతున్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం అది.

పేజీ తయారైతే దానంతట అది పాకిపోతుందని అనుకోవద్దు. అడగాలి. అడగడం తప్పు కాదు. తేలియా రుమాలు మీద ఇప్పటికే రాసినవాళ్లు ఎవరెవరో వెతికి, వాళ్ల వ్యాసం నిజంగా చదివి, ఒక్కొక్కరికి విడిగా నాలుగు వాక్యాలు రాయాలి. "మీ వ్యాసంలో రంగుల గురించి రాశారు, మా ఇంట్లో ఆ పని జరిగే తీరు ఈ పేజీలో ఉంది, మీ పాఠకులకు పనికొస్తుందేమో చూడండి" అంటే చాలు. వెయ్యిమందికి ఒకే మెయిల్ పంపడం కంటే పదిమందికి ఇలా రాయడం మేలు. పత్రిక మీ గురించి ఇప్పటికే వార్త వేసి లింకు ఇవ్వకపోతే, చిరునామా చేర్చమని మర్యాదగా అడగవచ్చు. నూలు సరఫరా చేసేవాళ్లు, మీ సరుకు అమ్మే దుకాణాలు, మీరు సభ్యులైన సంఘం, వీళ్లకు సైట్లుంటే అక్కడ మీ పేరు ఉండడం సహజమే. వికీపీడియాలో మాత్రం మీ సైటు లింకు మీరే వెళ్లి పెట్టకండి. అక్కడి బయటి లింకులకు 2007 నుంచి నోఫాలో గుర్తు ఉంటుంది, పైగా అక్కడ శ్రమదానం చేసేవాళ్ల పని పాడుచేసినవాళ్లమవుతాం.

అలాగే, మీకు వచ్చే లింకుల్లో నొక్కేచోట ఏ మాటలుండాలో మీరు నిర్ణయించకండి. ఇష్టపడి ఇచ్చేవాళ్లలో ఒకరు దుకాణం పేరు రాస్తారు, ఒకరు ఉత్త చిరునామా పెడతారు, ఒకరు 'ఇక్కడ చూడండి' అంటారు. అందరూ ఒకే వ్యాపారపు మాట అచ్చుగుద్దినట్టు వాడితే జేసీ పెన్నీ లింకుల్లాగే ఉంటాయి.

పైసా ఖర్చు లేకుండా దొరికే లింకులు ఇంకా కొన్ని ఉన్నాయి. అవి మనం పోగొట్టుకున్నవి. సైటును కొత్తగా చేయించినప్పుడు పాత పేజీల చిరునామాలు మారిపోతాయి. అయిదేళ్ల కిందట ఒక పత్రిక ఇచ్చిన లింకు నొక్కితే ఇప్పుడు 'పేజీ లేదు' అని వస్తుంది. ఆ లింకు విలువ అక్కడితో పోయినట్టే. సైటు చేసినవాళ్లను అడిగి, పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్త చిరునామాకు పంపే శాశ్వత రీడైరెక్టు, అంటే 301, పెట్టించుకోండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే సర్చ్ కన్సోల్‌లో మీకు ఎవరెవరు లింకులిచ్చారో, ఏ పేజీకిచ్చారో కనబడుతుంది. ముందు అది తెరిచి చూడండి. కొత్త లింకు కోసం ఒక్క మెయిలైనా రాయకముందే చేయవలసిన పని ఇది.

తెలుగు వెబ్ గురించి ఒక మాట. 2000 తర్వాతి దశాబ్దంలో తెలుగు బ్లాగులు వెలిగిన కాలంలో, ఒకరి బ్లాగు పక్కన మరో ఇరవై బ్లాగుల పేర్లు లింకులతో సహా ఉండేవి. కూడలి అనే సైటు వంటి చోట అందరి రాతలూ ఒక్కచోట కనబడేవి. డబ్బు ప్రసక్తి లేదు, నచ్చితే లింకిచ్చేవారు. ఇప్పుడు ఆ మాటలన్నీ వాట్సాప్ గ్రూపుల్లోకి, ఫేస్‌బుక్కులోకి వెళ్లిపోయాయి. వాట్సాప్‌లో పంపుకున్న లింకు గూగుల్ కంటపడదు. మన వార్తా సైట్లలో చాలావాటికి మూలానికి లింకిచ్చే అలవాటు లేదు. అందువల్ల తెలుగులో మంచి పేజీ రాసినా దానికి దక్కవలసిన లింకులు దక్కడం లేదు. మీకు సైటు ఉంటే, మీరు చదివి లాభపడిన తెలుగు పేజీకి మీ పేజీలోంచి లింకు ఇవ్వండి. బయటికి లింకిస్తే మన ర్యాంకు కారిపోతుందన్న భయం చాలామందికి ఉంది, అది అక్కర్లేదు.

చివరగా, ఇప్పటికే లింకులు కొన్నవాళ్ల సంగతి. కంగారు పడవద్దు. సర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ అన్న చోట చూడండి. అక్కడ ఏమీ లేకపోతే కొనడం ఆపేయడమే చాలావరకు సరిపోతుంది. ఊరూపేరూ లేని విదేశీ సైట్ల నుంచి మీరు అడగకుండానే వచ్చిన చెత్త లింకులు ప్రతి సైటుకూ ఉంటాయి, వాటిని గూగుల్ పట్టించుకోదు. శిక్ష పడి ఉంటే, లింకులు పెట్టినవాళ్లకు రాసి తీయించాలి. తీయనివాటిని, 2012లో వచ్చిన డిసవౌ అనే సదుపాయం ద్వారా లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు జాబితా పంపాలి. ఆ జాబితా జాగ్రత్తగా తయారుచేయాలి, పొరపాటున మంచి లింకులు అందులో చేరితే వాటి బలమూ పోతుంది. తర్వాత ఏం చేశారో, ఏమేం తీయించారో దాచకుండా రాసి పునఃపరిశీలన కోరాలి. జవాబు రావడానికి రోజులు పట్టవచ్చు, వారాలు పట్టవచ్చు. శిక్ష తొలగినా పాత స్థానం తిరిగి రాకపోవచ్చు, ఎందుకంటే ఆ స్థానానికి తీసుకెళ్లినవి తీసేసిన ఆ లింకులే. అక్కడి నుంచి మీ పేజీల్లో ఏముందన్నదే పని చేస్తుంది.